డెబ్బై గ్రాముల తేడా

పదకొండు గంటల పది నిమిషాలకు ఎర్రగట్టు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతుంటే నా మోకాళ్లు రెండూ నన్ను తిట్టుకుంటున్నాయి. రెండు రోజుల్లో నాలుగు బస్సులు మారాను. కల్వకుర్తి నుంచి వచ్చిన చివరి బస్సులో కూర్చోవడానికి జాగా కూడా దొరకలేదు. ప్రైవేట్ డిటెక్టివ్ అంటే జీపుంటుంది, కారుంటుంది అనుకుంటారు జనం. నలభై తొమ్మిదేళ్లకు నాకు మిగిలింది ఒక గొడుగు, అదీ ఒక ఊచ విరిగింది.

మెట్ల మీద రబియా కూర్చుని ఉంది. లాకప్‌లో ఉన్న సకీనాకు అత్త. నల్లగొండలో నా గది వెతుక్కుంటూ వచ్చి, "నా కోడలు ఖూనీ చెయ్యలే సారూ, జర వచ్చి చూడు" అని నన్ను లాక్కొచ్చింది ఈ ముసలమ్మే.

"ఏమన్న తిన్నవా అమ్మా?"

"నాకు తిండెందుకు బిడ్డా! నాలుగు గంటలకు కోర్టుకు తోలుకపోతరంట. ఆడికెల్లి జేలుకే అంటున్రు. పిల్లల తండ్రి ఇప్పటికే జేల్ల ఉన్నడు. ఇగ తల్లి గూడ పోతే గా ఇద్దరు ఆడపిల్లల్ని నేనేం జెయ్యాలె?"

నాలుగింటి దాకా టైముంది, అంతే.

కేసు చాలా చిన్నది. ఎర్రగట్టులో కరీం సాబ్ అనే హకీం హాజ్మా చూరన్ చేస్తాడు. అరుగుదల పొడి. పేపర్లో ప్రకటన చూసి జనం కార్డు రాస్తే వీ.పీ.పీ. పార్సల్‌లో పంపుతాడు. పోస్ట్‌మన్ చేతిలో డబ్బు పెడితేనే పార్సల్ మన చేతికొస్తుంది. పోయిన మంగళవారం తిరుమలగిరిలో మైసయ్య అనే గొర్ల వ్యాపారి అట్లాగే ఒక పార్సల్ విడిపించుకున్నాడు. మధ్యాహ్నం అన్నం తిని చెంచాడు చూరన్ నోట్లో వేసుకున్నాడు. పొద్దుగూకక ముందే ప్రాణం పోయింది. సీసాలో ఎలుకల మందు ఉందని తేలింది.

ఆ పార్సల్ కుట్టింది సకీనా. చీటీ మీద మైసయ్య పేరు రాసింది సకీనా. ఆమె మొగుడు మెహమూద్‌ను గొర్ల దొంగతనం కేసులో జైలుకు పంపించింది మైసయ్య సాక్ష్యం. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బాలయ్యకు ఇంతకన్నా ఏం కావాలి? నిజం చెప్పాలంటే నాకూ ఇంతకన్నా ఏమీ కనిపించలేదు.

బాలయ్య కుర్చీలో వెనక్కి వాలి కళ్లు నలుపుకుంటున్నాడు. శ్రీశైలం రోడ్డు మీద ఎవరో మంత్రి వస్తున్నాడని రెండు రాత్రులు బందోబస్తు చేసొచ్చాడట. నేను హెడ్ కానిస్టేబుల్‌గా ఉన్న రోజుల్లో ఇతను కొత్త ఎస్సై. పంచనామా రాయడం నా దగ్గరే నేర్చుకున్నాడు. ఆరేళ్ల తర్వాత నన్ను రాజీనామా చెయ్యమన్న కాగితం మీద సంతకం కూడా ఇతనిదే.

"వచ్చినవా సైదులన్నా! ఇంత దూరం ఎందుకు తిప్పలవడ్డవ్? కేసు ఎన్నడో అయిపోయింది."

"ఒక ఇరవై నిమిషాలు మాట్లాడనియ్ సీఐ సాబ్."

"మాట్లాడు. ఆమెనే మాట్లాడదు. రెండు రోజులసంది ‘నేను చెయ్యలే’ అన్న మాట తప్ప ఒక్క ముక్క బయటికి రాలే. తప్పు లేనోళ్లు గట్ల నోరు కుట్టుకోని కూసుంటరా?"

సకీనాకు ముప్పై నాలుగేళ్లుంటాయి. కుడిచేతి వేళ్ల నిండా సూది పొడిచిన మచ్చలు. గోడకు ఆనుకుని కూర్చుంది, నన్ను చూసి లేవలేదు. లేచే ఓపిక ఆమెకూ లేదు, కూర్చునే ఓపిక నాకూ లేదు.

మైసయ్య సంగతి నేను అడగలేదు. "పార్సల్ ఎట్ల కడతవమ్మా?" అన్నాను.

తలెత్తి చూసింది. ఆ ప్రశ్న అడిగినవాడు లేడనుకుంటాను.

"ముందుగాల సాబ్ చెక్క డబ్బాల్ల పంపుతుండె. బరువుకే సగం లాభం పోస్టుకు పోతుండె. ఎనుకటికి పత్తి పెట్టిన్రు, పల్లికాయ పొట్టు పెట్టిన్రు. పొట్టు కిందికి జారి సీసాలు పలుగుతుండె. నేనొచ్చినంక జొన్న బెండు పెట్టిన."

"బెండా? చొప్ప లోపలుండే బెండా?"

"ఆ. చొప్ప మీది పెచ్చు తీసి, బెండును నిలువుగ చీరి సీసా సుట్టూత పేరుస్త. సీసా దూలం మీదికెల్లి పడ్డా పలగదు. దానికి బరువనేదే లేదు, పైస ఖర్చు లేదు, పొలంల ఎంతన్న దొరుకుతది. గోధుమపిండి సంచులు ఉతికి గా బట్టతోని కుడతా. ఐదొందల గ్రాములు దాటితే పోస్టు ఖర్సు రెండింతలైతది సారూ. నా చేతి పార్సల్ నాలుగొందల తొంభై దాటదు. నాలుగేండ్లాయె, ఒక్కటి దాటలే."

మొదటిసారి ఆమె గొంతులో ప్రాణం వినిపించింది. నేను జేబులోంచి కాగితం తీశాను. మైసయ్య పార్సల్‌కు పోస్టాఫీసు ఇచ్చిన రసీదు నకలు. పొద్దున బస్సు దిగగానే పోస్టాఫీసులో చూసి రాసుకున్నాను.

"మరి మైసయ్య పార్సల్ ఐదొందల అరవై తూగిందే?"

"గట్లెట్ల తూగుతది!" అంది కోపంగా. ఆ మాట పూర్తవుతుండగానే ఆమె ముఖం మారింది. ఏదో గుర్తొచ్చింది. నోరు మూసుకుని చెంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"ఏం యాదికొచ్చిందమ్మా?"

తల అడ్డంగా ఊపింది. ఇంకో పది నిమిషాలు అడిగాను. బతిమాలాను. పిల్లల పేరెత్తాను, అందుకు నామీద నాకే అసహ్యం వేసింది. ఆమె కళ్లు తుడుచుకుంది గాని పెదవి విప్పలేదు. ఈమె ఖూనీ చెయ్యలేదని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. చేసినదైతే బరువు మాటకు అంత కోపం రాదు. అయితే ఏదో దాస్తోంది.

బయటికొచ్చి రసీదు బాలయ్య ముందు పెట్టాను.

"డెబ్బై గ్రాములు ఎక్కువుంది."

"ఉంటది. విషం కలిపింది గదా."

"చెంచాడు ఎలుకల మందుకు డెబ్బై గ్రాములా? సీసా మూతి దాక ఎప్పుడూ నిండే ఉంటదని నీ పంచనామాలనే రాసినవ్. ఇంకో డెబ్బై గ్రాములు పట్టడానికి దాంట్ల జాగా యాడుంది?"

బాలయ్య కళ్లు నలుపుకోవడం ఆపాడు. "అయితే ఏంది మరి?"

"తెల్వదు."

"తెల్వనిది పట్టుకోని నా కాడికి రాకు అన్నా. నాలుగింటికి జీపు కదుల్తది. నీకోసం నేను మెజిస్ట్రేట్‌ను ఆపుతనా?"

"నేనేమన్న ఆపుమన్ననా? పార్సల్ మీది బట్ట జాగర్తగ ఉంచు చాలు."

"నాకు నేర్పుతున్నవా?" అన్నాడు. అవును, ఒకప్పుడు నేర్పాను. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగేశాను.

పన్నెండుంబావుకు కరీం సాబ్ ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్నాను. అరవై దాటిన మనిషి, మనిషి కన్నా ముందు ఆయన దగ్గు వచ్చింది. పక్కన ఆయన అన్న కొడుకు మక్సూద్. ముప్పై ఏళ్లుంటాయి, ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. నాకు కుర్చీ తుడిచి వేశాడు, అడగకుండానే చాయ్ తెప్పించాడు. ఈ రెండు రోజుల్లో నన్ను మనిషిలా చూసినవాడు ఇతనొక్కడేనని సంతోషపడ్డాను.

"పని ఎట్ల జరుగుతది సాబ్, జర వరుసగ చెప్పున్రి."

"చూరన్ నేను నూరుత. సీసాలల్ల మక్సూద్ నింపుతడు, మూతికి లక్క పోస్తడు. సకీనా పార్సల్ కుడుతది. తెలుగు చీటీలు ఆమె రాస్తది. బొంబాయి, నాగపూర్ దిక్కు పోయేటియి ఇంగ్లీషుల మక్సూద్ రాస్తడు. పోస్టాఫీసుకు గూడ మక్సూదే మోస్తడు."

"మైసయ్య పార్సల్ ఎవలు మోసిన్రు?"

"అది నేనే మోసిన," అన్నాడు కరీం సాబ్. "గా వారం మక్సూద్ సీసాలు కొననీకె పట్నం పోయిండె, ఐదు రోజులు ఊర్ల లేడు. ఒక్క పార్సల్ బరువెక్కువచ్చింది, రెండింతలు టికెట్లంటించమన్నడు పోస్టాఫీసు బాబు. సకీనాను తిట్టిన గూడ."

"అది విన్నప్పుడు ఆమె ఏమంది?"

"ఏమనలే. తల దించుకుంది."

షెడ్డంతా తిరిగాను. బల్ల మీద కాటా, పక్కన గ్రాముల రాళ్లు. మైదా జిగురు గిన్నె. కుట్టి సిద్ధంగా పెట్టిన పార్సళ్లు ఆరు. ఒకటొకటిగా కాటాలో పెట్టి తూచాను. నాలుగొందల ఎనభై ఐదు, నాలుగొందల తొంభై, మళ్లీ నాలుగొందల తొంభై. ఆమె అన్నది నిజమే. బంగారం తూచేవాడికి కూడా ఇంత నిదానం ఉండదు.

మూలన గోనె సంచి కింద ఇంకో నాలుగు పార్సళ్లు కనిపించాయి. వాటి చీటీల మీద పోస్ట్‌మన్ ఎర్రసిరాతో కొట్టేసిన గీతలున్నాయి.

"ఇవేంది?"

కరీం సాబ్ దగ్గాడు. ఈసారి దగ్గు నిజమైంది కాదు. "తిరిగొచ్చినయి. కొందరు కార్డు రాస్తరు, తీరా పోస్ట్‌మన్ వచ్చినంక వద్దంటరు."

ఒకటి తీసి తూచాను. ఐదొందల యాభై ఐదు. ఇంకోటి. ఐదొందల నలభై. బట్ట మీద చెయ్యి వేస్తే పొడిగానే ఉంది. జేబుకత్తితో ఒకదాని కుట్టు కోసి లోపలి బెండు ముక్క తీసి వేళ్లతో నొక్కాను. నీళ్లు కారాయి.

ఆగస్టు నెల. వారం పది రోజులుగా ముసురు. తడిసిన పోస్టు సంచుల్లో పోయి, మళ్లీ అవే సంచుల్లో తిరిగొచ్చిన పార్సళ్లు. పైన బట్ట ఆరిపోతుంది, లోపల బెండు మాత్రం తాగిన నీళ్లు వదలదు.

"వీటిని ఏం జేస్తరు సాబ్?"

"విప్పి, కొత్తగ..."

"నిజం చెప్పున్రి. లాకప్‌ల ఒక ఆడమనిషి ప్రాణం పోయేటట్టుంది."

ముసలాయన బల్ల మీద చతికిలబడ్డాడు. "విప్పితే బట్ట దండుగ, లక్క దండుగ, పొద్దు దండుగ. మిద్దె మీద రెండు రోజులు ఎండబెడితే బరువు మళ్లీ దిగుతది. పాత చీటీ మీద కొత్త చీటీ అంటించి ఇంకొకలకు పంపుతం. పేపర్ల తాజా చూరనని వేయించిన, గిది బయటపడితే నా దుక్నం మూతే. అందుకే చెప్పలే."

రెండు రోజుల అలసట ఎటుపోయిందో తెలియదు. లేచి నిలబడి, సినిమాలో వకీలు మాట్లాడినట్టు మాట్లాడాను. అవును, గొప్పకే మాట్లాడాను.

"ఇనున్రి సాబ్! ఆ వారం ముసురుకు ఎండ లేదు. ఎండబెట్టకుండనే ఒక తిరిగొచ్చిన పార్సల్ మీద మైసయ్య చీటీ అంటించింది సకీనా. డెబ్బై గ్రాములు అంటే విషం కాదు, వాననీళ్లు. విషం మైసయ్య కోసం పెట్టిందే కాదు. అది ముందుగాల ఇంకెవలికో పోయింది, వాళ్లు వద్దంటే తిరిగొచ్చింది. మైసయ్య చీటీ కింద ఇంకో చీటీ ఉంటది. దాని మీద ఎవరి పేరుందో, వాళ్లను చంపాలనుకున్నోడే హంతకుడు!"

కరీం సాబ్ "యా అల్లా" అన్నాడు. మక్సూద్ చేతిలో చాయ్ గ్లాసు కదలలేదు.

"భలే పట్టిన్రు సార్," అన్నాడు. "గా బట్ట స్టేషన్లనే ఉందా?"

"సీఐ బీరువాల ఉంది. ఇప్పుడే పోయి విప్పిస్తా."

"మంచిది సార్. మీరు అన్నం గూడ తిననట్టున్రు. నేను పోయి ఏమన్న పట్టుకొస్త," అని సైకిల్ తీసుకుని వెళ్లాడు. అప్పుడు పన్నెండూ యాభై. నేను గడియారం చూసుకున్నాను కాబట్టి గుర్తుంది. ఒంటిగంటంబావు దాకా అన్నం కోసం ఎదురుచూశాను, రాలేదు. ఏదో పనిలో పడి ఉంటాడనుకుని ఖాళీ కడుపుతో స్టేషన్‌కు నడిచాను.

బాలయ్య లేడు. మంత్రి మళ్లీ అదే రోడ్డున తిరిగి వెళ్తున్నాడట. బీరువా తాళం చెవి ఆయన నడుముకే ఉంది. రబియా పక్కన మెట్టు మీద కూలబడ్డాను. ఆమె తన మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం తుంచి నా చేతిలో పెట్టింది.

"నువ్వు తినకుంట నాకు పెడుతున్నవా?"

"పనిచేసేటోడివి. తిను బిడ్డా."

రెండు ముప్పావుకు జీపొచ్చింది. విషయం చెప్పగానే బాలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"సాక్ష్యం మీద నీళ్లు పొయ్యనియ్య. సిరా కరిగిపోతే రేపు కోర్టుల నా మొఖం యాడ పెట్టుకోవాలె?"

"నీళ్లు వద్దు. ఆవిరి చాలు. మైదా జిగురుకు ఆవిరి తగిల్తె చీటీ అదే లేస్తది. ఇద్దరు పంచులను సాక్ష్యానికి పిలువు, నీ చేతితోనే పట్టుకో. నేను ముట్టుకోనే ముట్టుకోను."

"కింద ఏం లేకుంటే?"

"ఇంటికి పోత. మళ్ల నీ స్టేషన్ మెట్లెక్క."

"గది మాత్రం మంచి మాట," అన్నాడు గాని బీరువా తీశాడు. లోపల ఎంత చెడ్డా పోలీసు బుద్ధి ఉంది, చూడకుండా ఉండలేడు.

స్టేషన్ ముందు అండాలు అనే ఆమె చాయ్ బండి ఉంది. కెటిల్ మూతి నుంచి ఆవిరి తన్నుకొస్తోంది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ టోపీ పెట్టుకుని కెటిల్ మీద గుడ్డ పట్టుకోవడం చూసి అండాలు పైట నోట్లో కుక్కుకుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. బాలయ్య వేళ్లు కాలి, తిట్టుకుంటూ చెయ్యి మార్చుకున్నాడు. మైసయ్య పేరున్న చీటీ ఒక మూల ముడుచుకుంది. గోటితో మెల్లగా లాగాడు. అది అరటి తొక్కలా ఊడొచ్చింది.

కింద ఇంకో చీటీ. ఎర్రసిరా గీతలు. ఇంగ్లీషు అక్షరాలు.

బాలయ్య కూడబలుక్కుని చదివాడు. "జాహేదా బేగం. ఆయా. దవాఖాన, అమ్రాబాద్." నా వైపు చూశాడు. "ఎవలీమె?"

"తెల్వదు. ఇంగ్లీషుల ఉందేంది? నాగపూర్, బొంబాయి పార్సళ్లకు గదా మక్సూద్ ఇంగ్లీషుల రాసేది. అమ్రాబాద్ మన జిల్లానే."

లాకప్ తలుపు తీయించి సకీనాను బయటికి రప్పించాడు. ఆమె ముందు రెండు చీటీలూ పెట్టాడు. కింది చీటీ చూడగానే ఆమె కూలబడిపోయింది.

"నాకు ఇంగ్లీషు రాదు సారూ. ఏముందో తెల్వదు. నిజంగ తెల్వదు."

"జాహేదా ఎవలమ్మా?" అన్నాను.

"జాహేదానా?" ఆమె నోరు తెరుచుకుంది. "మక్సూద్ పెండ్లాం. ఏడాదాయె, కొట్లాడి అమ్రాబాద్ల తల్లిగారింటికి పోయింది. ఆడనే దవాఖానల పని. ఇంకొక పెండ్లి చేస్కుంటనని మక్సూద్, ఒప్పుకోనని ఆమె. కోర్టుల కేసేసింది. ఆమెకు ఎప్పటికీ కడుపునొప్పే, మా చూరనే తింటుండె."

కేసంతా ఒక్కసారిగా తేటపడింది. సీసా నింపేది మక్సూద్. చీటీ సకీనాకు అర్థం కాకూడదని ఇంగ్లీషులో రాశాడు. రోజూ పోయే కట్టలో కలిసిపోవాలని దాన్ని కూడా వీ.పీ.పీ.లోనే పంపాడు. మొగుడు పంపిన మందుకు పెళ్లాం ఎదురు డబ్బు కట్టాలి! ఆమె ఆ కోపంతోనే పార్సల్ వద్దని ఉంటుంది, బతికిపోయింది. అది తిరిగొచ్చేనాటికి మక్సూద్ ఊళ్లో లేడు. ఉంటే ఆ పార్సల్ షెడ్డు గడప దాటేది కాదు.

"ఇదంత రెండు రోజుల కిందనే ఎందుకు చెప్పలే?" బాలయ్య గద్దించాడు. "తిరిగొచ్చిన పార్సలని ఒక్క మాటంటే అయిపోతుండె గదా!"

రబియా వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"నా ఇంటాయన ఏ గొర్రెను ముట్టలే," అంది సకీనా. "మైసయ్య అబద్ధం చెప్పిండు. గాయన కార్డు చూసిన్నాడు నా చెయ్యి ఆగిపోయింది. బల్ల మీద తాజాయి పది సీసాలున్నయి. ఈయనకు తాజాది ఎందుకు కుట్టాలె, గీయనకోసం నా వేళ్లెందుకు నొప్పి పెట్టుకోవాలె అనుకున్న. మూలకు పడ్డది తీసి చీటీ అంటించిన. ఎండబెట్టనన్న ఎండబెట్టలే. చాతనైన పగ గంతే సారూ. పాత చూరన్ తిననీ అనుకున్న, చావాలనుకోలే. గిది చెప్తే పగ ఉన్నదని నా నోటితోని నేనే ఒప్పుకున్నట్టయితదని భయపడ్డ. మనిషి నా చేతుల మీదికెల్లే పోయిండు గదా."

బాలయ్య రిమాండ్ కాగితం మడిచి సొరుగులో పడేశాడు. క్షమాపణ చెప్పే అలవాటు అతనికి లేదు. "మంచినీళ్లియ్యున్రి ఆమెకు" అన్నాడు కానిస్టేబుల్‌తో. నాకు అది చాలనిపించింది. ముసలమ్మ కోడలి తల నిమురుతుంటే నా కళ్లు చెమర్చాయి. కాసేపు కళ్లు మూసుకుని నిద్రపోవాలనిపించింది.

"మక్సూద్‌ను పట్టుకరాపోన్రి," అన్నాడు బాలయ్య.

కానిస్టేబుల్ పదిహేను నిమిషాల్లో రొప్పుతూ తిరిగొచ్చాడు. "ఇంట్ల లేడు సార్. ఒంటిగంట బస్సెక్కిండంట. అచ్చంపేట దిక్కు పోయే బస్సు."

నా నిద్ర ఎగిరిపోయింది. అచ్చంపేట దాటితే అమ్రాబాద్. ఆ పార్సల్ తన దగ్గరికి వచ్చిందని, తాను వద్దన్నానని చెప్పగల మనిషి ఈ లోకంలో జాహేదా ఒక్కతే.

బాలయ్య అప్పటికే ఫోన్ తిప్పుతున్నాడు. అర్జెంట్ ట్రంక్ కాల్, అమ్రాబాద్ దవాఖాన. లైను కలిసేసరికి మూడూ నలభై. రిసీవర్ నా చేతికిచ్చి తాను వైర్‌లెస్ గదిలోకి పరుగెత్తాడు.

"హలో! జాహేదా ఉందా? ఆయా జాహేదా!" అరిచాను.

అవతల ఎవరో మగమనిషి, తీరుబడిగా మాట్లాడుతున్నాడు. "జాహేదానా సార్? ఇప్పుడే పాయె. పావుగంటైతది. ఆమె మొగుడొచ్చిండు. ఏడాదికి మొగుడొచ్చిండని ఆమె ఏడ్చుకుంట నవ్వింది సార్, మాకు గూడ ఖుషీ అయింది. సెలవు చెప్పి ఎంబడి పోయింది."

"ఇంటికి పోయిన్రా? ఇల్లు యాడ? ఉరుకు! ఉరికి ఆమెను ఆపు! ఆయన చేతి మీదికెల్లి ఏమీ తినొద్దని చెప్పు!"

"ఇంటికి కాదు సార్. మొక్కుందని, ఇద్దరు అడివిల దర్గాకు పోతమన్నరు. యాడి దర్గానో చెప్పలే. అడివిల ఎన్నో ఉన్నయి. చేతిల టిఫిన్ డబ్బా ఉండె..."

బయట జీపు స్టార్టయింది. "అన్నా, ఎక్కు!" అని బాలయ్య కేకేశాడు. అక్కడికి రెండు గంటల దారి. నేను రిసీవర్ పెట్టి లేవబోతుంటే మోకాలు పట్టేసింది, బల్ల పట్టుకుని నిలబడ్డాను.

సకీనా గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. అంతా విన్నది.

"సారూ, చీటీ కింద చీటీ ఉన్నదని నేనైతే ఎవలకూ చెప్పలే. మక్సూద్‌కు ఎట్ల తెలిసింది? ఎవలు చెప్పిన్రు?"

ఆమె కళ్లలోకి చూడలేకపోయాను.

"నేనే చెప్పిన," అన్నాను.